అంచున పసుపు

పరాంకుశం గారిని ప్రశ్న అడగడమంటే కోరి పని నెత్తిన వేసుకోవడమే. భీమిలిలో ఆయన వరండా ఎక్కేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ అడుగుతూనే ఉంటాం. ఒకప్పుడు కళాశాలలో వేదాంతం చెప్పిన మనిషి ఆయన. అక్కడ వాదించి వాదించి విసుగెత్తిందో ఏమో, ఉద్యోగం మానిన తర్వాత వాదం కూడా మానేశారు. మోక్షం అంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత పెరటి నూతిలో పూడిక తీయించారు. కోపం ఎలా పోతుందని నేను అడిగితే చిక్కుపడిన నూలు ఉండ ఒకటి చేతికిచ్చి విప్పుకురమ్మన్నారు. నూలు విడిపోయింది. కోపం మాత్రం ఇంకొంచెం పెరిగింది. నేను రైల్వేలో గార్డుగా చేసి వచ్చినవాణ్ణి. పచ్చజెండా ఊపితే కదలాలి, ఎర్రజెండా ఊపితే ఆగాలి, మూడో అర్థం ఉండకూడదు. అలాంటివాణ్ణి ఏళ్ళ తరబడి ఆ వరండాలో ఎందుకు కూర్చుంటున్నానని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. నాకూ తెలియదు.

ఆ దీపావళి నాటి మధ్యాహ్నం వరండాలో మేం నలుగురమే ఉన్నాం. గురువుగారు, నేను, ఏది విన్నా వెంటనే తాత్పర్యం చెప్పేసే నరసాయమ్మ గారు, కిరీటి. సందులో పిల్లలు మతాబాలు ఎండబెట్టుకుంటున్నారు. సాయంత్రం దివిటీలు తిప్పడానికి గోగుకాడలు ఇంటింటి గుమ్మం దగ్గరా సిద్ధంగా ఉన్నాయి. కిరీటి గోస్తని నది సముద్రంలో కలిసేచోట ఒక పాక వేసుకొని, వచ్చినవాళ్ళకు ప్యాడిల్ బోర్డు నేర్పుతాడు. ప్యాడిల్ బోర్డంటే మనిషి నిలువునా నిలబడి, పొడుగాటి తెడ్డు వేసుకుంటూ నీళ్ళమీద సాగిపోయే బల్ల. మొదటిసారి చూసినప్పుడు ఇంటి తలుపు ఊడదీసి దానిమీద ఎక్కాడేమో అనుకున్నాను. కిరీటి మంచివాడే, పనిలో దిట్టే. అయితే మనిషికి మాట తొందరగా తగులుతుంది. తగిలినచోట చాలాకాలం ఉంటుంది కూడా.

ఆరోజు అతను వచ్చినప్పటినుంచీ వరండా స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. చివరికి, "గురువుగారూ, పైవాళ్ళ మాటంటే దులిపేసుకోవచ్చు. అయినవాళ్ళ మాట తగిలితే గీత పడిపోతోందండి. పడకుండా మనసుని ఎలగ కాపాడుకోవాల?" అని అడిగాడు. ఎవరి మాట అని గురువుగారు అడగలేదు. నరసాయమ్మ గారు అడిగారు. అప్పుడు బయటపడింది. కిరీటి అక్క హైమావతి తగరపువలసలో ఉంటుంది. వీళ్ళ తల్లి పోయేనాటికి ఇతను పాలు మాననివాడు. ఎత్తుకొని తిప్పిందీ, అన్నం తినిపించిందీ, బడికి పంపిందీ అక్కే. మొన్న దసరాకు పాకలో ఆయుధపూజ చేసుకుంటూ అక్కను పిలిచాడు. తెడ్లకూ బోర్డులకూ ఆవిడ చేతే బొట్లు పెట్టించాలని ఇతని ముచ్చట. ఆవిడ వచ్చి, బొట్లు పెడుతూ పెడుతూ, ఇతని దగ్గర నేర్చుకునేవాళ్ళూ పనివాళ్ళూ అందరూ చుట్టూ ఉండగా నవ్వుతూ ఒక మాట అన్నదట. "మావోడికి చిన్నప్పట్నించీ ఇదే అలవాటు. నా చంకనెక్కి నన్నే గుద్దీవోడు" అని. అందరూ పకపకా నవ్వారు.

"అంటే ఏటండీ దానర్థం? పెంచిన చేతినే కొట్టేవోణ్ణనేగా? విశ్వాసం లేనోణ్ణనేగా? నా దగ్గర పనిచేసేవోళ్ళ ముందర అనేసింది" అన్నాడు కిరీటి. ఆ రోజునుంచీ అక్కా తమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. ఆ మాట అంటూ ఆవిడ బొట్టు పెట్టిన తన సొంత బోర్డును కూడా అతను నీళ్ళలో దింపలేదు. ఎల్లుండేమో కార్తీకమాసం విదియ, భగినీహస్త భోజనం. తోడబుట్టిన ఆడపడుచు ఇంటికి వెళ్ళి ఆమె చేతి అన్నం తినవలసిన రోజు. ఊహ తెలిసినప్పటినుంచీ కిరీటి ఒక్క ఏడూ తప్పలేదు. ఒకసారి జ్వరంతో వెళ్ళి, రెండు ముద్దలు తిని, అక్కడే పడుకొన్నాడట. ఈసారి వెళితే అక్క మళ్ళీ ఏదో ఒకటి అంటుంది, వెళ్ళకపోతే ఇక ఆ గడప తొక్కడం ఉండదు. ఆ సంగతి అతను చెప్పకపోయినా మాకు అర్థమైంది.

గురువుగారు కాసేపు విసనకర్ర విసురుకొని, "ఆవిడ అన్నది చెప్పావు. నువ్వేమన్నావు?" అని అడిగారు.

"నానేటంటానండీ? ఏటీ అనలేదు" అన్నాడు కిరీటి. అంటూ స్తంభం మీది సున్నాన్ని గోటితో గీకాడు.

నేను ఉపదేశం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. క్షమ గురించి చెబుతారని నా లెక్క. నరసాయమ్మ గారు వైరాగ్యం అనుకున్నారట. గురువుగారు మాత్రం, "మొన్న ఏదో టేపు తెప్పించానన్నావు కదా, బోర్డుకు అంటించడానికి. వచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాడు కిరీటి, ప్రశ్నకూ టేపుకూ సంబంధం తెలియక. "రైల్ టేపండి. ఇంకా విప్పలేదు." రైలు మాట చెవినబడేసరికి నేను ఊరుకోలేకపోయాను. "రైలుకు టేపేమిటయ్యా? పట్టాలు విరిగితే అంటిస్తారా?" అన్నాను. కిరీటి ఓపికగా, బోర్డు పక్క అంచును ఆ పనివాళ్ళు రైల్ అంటారనీ, అక్కడ దెబ్బలు తగలకుండా అంటించే పట్టీని రైల్ టేపు అంటారనీ వివరించాడు. ఉద్యోగమంతా రైల్లో గడిపినవాణ్ణి, ఒక బల్ల అంచు ఆ పేరు పెట్టుకు తిరుగుతోందని తెలిస్తే బాధగా ఉండదా! "మనం అంచు అనే అందాం, ఈయన శాంతిస్తారు" అని గురువుగారు లేచారు. "రేపు పొద్దున్న పాకకు వస్తాం. మా ఎదుటే అంటించు." అంతే, ఉపదేశం అయిపోయింది. మెట్లు దిగుతూ నరసాయమ్మ గారు, "టేపంటే నామస్మరణ. మనసు చుట్టూ అంటించుకోమంటున్నారు" అని తేల్చేశారు. నాకేమీ తేలలేదు.

పాడ్యమి పొద్దున్న మేం వెళ్ళేసరికి కిరీటి బోర్డును రెండు బల్లల మీద ఎత్తిపెట్టి ఉంచాడు. తెల్లటి బోర్డు, ముందువైపు మొన మీద మూడు పసుపు బొట్లు, వాటి నడుమ కుంకుమ. దసరానాటివి అలాగే ఎండి ఉన్నాయి. గురువుగారికి ముక్కాలిపీట వేశాడు. నాకు బోర్లించిన బకెట్టు దొరికింది. సముద్రం వైపునుంచి గాలి కొడుతోంది కాబట్టి పాక తలుపు ఓరగా వేయవలసి వచ్చింది. ఇసుక రేణువు ఒక్కటి పట్టీ కింద చేరినా పని పాడైనట్టేనట.

పని మొదలుపెట్టగానే కిరీటి ముఖంలోని దిగులు కాస్త తగ్గింది. ముందు ఒక గుడ్డతో దుమ్ము తుడిచాడు, ఆ తర్వాత స్పిరిట్టు ముంచిన గుడ్డతో అంచు పొడవునా రుద్దాడు. కుడివైపు అంచు నున్నగా ఉంది. ఎడమవైపు, మనిషి నిలబడేచోటుకు కొంచెం ముందుగా, గీతలే గీతలు. కొన్నిచోట్ల పైపూత లేచిపోయి లోపలి నార కనబడుతోంది. "ఇవన్నీ ఏమిటి?" అని గురువుగారు అడిగారు. "తెడ్డు దెబ్బలండి. నేర్చుకునేవోళ్ళు తెడ్డుని నిలువుగా వెయ్యరు. ఏటవాలుగా లాగి అంచుని కొట్టేస్తారు. వోళ్ళకిచ్చినప్పుడల్లా నా ప్రాణం పోతాది" అన్నాడు కిరీటి. "నీ తెడ్డు తగలదా?" కిరీటి నవ్వాడు. "నాదెందుకు తగుల్తాదండీ? తగలకుండా వెయ్యడమే కదా నాను నేర్పేది!" అన్నాడు. అది గొప్ప కాదు, అతను నిజంగానే అలా నమ్ముతున్నాడు.

గుడ్డ ఆ గీతల మధ్యకు వచ్చి ఆగిపోయింది. అక్కడ అంచు మీద బొటనవేలి వెడల్పున పసుపు ఉంది. బొట్టులా గుండ్రంగా లేదు, అద్ది రాసినట్టుంది. కుంకుమ లేదు. "ఇదేమిటి, పక్కన పెట్టారు బొట్టు? ఏ బండికైనా ముందు కదా పెడతారు?" అని అడిగాను. "అక్కే పెట్టిందండి. ఇది పెడుతున్నప్పుడే ఆ మాట అనీసింది. తర్వాత ఇంకేటి, వెళ్ళిపోయింది. కుంకుమ పెట్టడం మరిచిపోయినట్టుంది" అన్నాడు. చెబుతూనే అతను పసుపు చుట్టూ తుడిచాడు తప్ప పసుపును ముట్టుకోలేదు.

పట్టీ అంటించడం చూడ్డానికి సులువుగానే ఉంది. చుట్ట విప్పి, పొడవు కొలిచి కత్తిరించాడు. మూలలు గుండ్రంగా కోశాడు. మొనలుంటే అక్కడినుంచే లేచిపోతుందట. వెనక కాగితాన్ని ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా లాగుతూ, లాగినంతమేర అంచుకు ఆనించి, నడిమినుంచి పక్కలకు చదునైన ప్లాస్టిక్ ముక్కతో ఒత్తుకుంటూ పోయాడు. వంపు వచ్చినచోట హెయిర్ డ్రయ్యరుతో వేడిచేసి లాగితే పట్టీ వంపుకు తగ్గట్టు ఒదిగిపోయింది. కుడివైపు ఒక్క ముడత లేకుండా పూర్తయింది. ఎడమవైపు కూడా బాగానే సాగింది, పసుపు దగ్గరకు వచ్చేదాకా. పసుపు మీద పట్టీ పడింది, అతను ఒత్తాడు, అది లేచింది. మళ్ళీ ఒత్తాడు. బుడగలా ఉబ్బింది. వేడి పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకొని, ఊపిరి బిగబట్టి వదిలాడు. మెల్లగా, మేమందరం చూస్తుండగా, మళ్ళీ లేచింది.

"అంటుకోవడం లేదేం?" అన్నారు గురువుగారు.

"కింద పసుపుందండి."

"తుడిచెయ్యి."

కిరీటి స్పిరిట్టు గుడ్డ తీసుకున్నాడు. పట్టీని ఎత్తి పట్టుకొని, గుడ్డను పసుపు దాకా తెచ్చి, అక్కడే ఆగాడు. "అక్క పెట్టింది కదండీ" అన్నాడు.

"ఈ పట్టీ అంతా ఆవిడ మాటలు తగలకుండానే కదయ్యా?" అన్నారు గురువుగారు.

నిజంగా చెబుతున్నాను, ఆ మాటతో నాకు తల తిరిగిపోయింది. పట్టీ తెడ్డు దెబ్బలకా, అక్క మాటలకా? తుడవమంటున్నారా, వద్దంటున్నారా? జెండా ఏ రంగో తెలియక బండి ఆగిపోయినట్టు అందరం ఆగిపోయాం. కిరీటి పరిస్థితి నాకంటే అన్యాయం. గుడ్డ కింద పెట్టాడు, మళ్ళీ తీశాడు, గురువుగారి ముఖం చూశాడు. ఆ ముఖంలో ఎప్పటిలాగే ఏమీ లేదు. చివరికి బ్లేడు తీసుకొని, పసుపు ఉన్నమేర పట్టీని అర్ధచంద్రాకారంలో కోసి తీసేశాడు. పసుపు పసుపుగానే ఉంది, దాని చుట్టూ అంతా పట్టీ. ఆ కోయడంలో కంగారుపడి వేలు కోసుకున్నాడు. నరసాయమ్మ గారు అయ్యో అయ్యో అంటూ పక్కనున్న బజ్జీల బండి దగ్గరకు పరుగెత్తి, చిటికెడు పసుపు తెచ్చి వేలికి అద్ది, గుడ్డ చుట్టారు. "ఇహ నీళ్ళలో దింపొచ్చా?" అని గురువుగారు అడిగితే, ఒక రోజైనా ఆరనివ్వకపోతే జిగురు పట్టుకోదన్నాడు. "అయితే రేపు పొద్దున్న. భోజనానికి ముందే చూద్దాం" అని గురువుగారు లేచిపోయారు. వెళతానని కిరీటి అనలేదు. వెళ్ళనని కూడా అనలేదు.

విదియ నాటి పొద్దున్న నదీముఖం దగ్గర గాలి పడిపోయి ఉంది. నీళ్ళు కదలడం లేదు. వలలు ఎత్తుకొచ్చిన పడవలు రెండు అవతలి గట్టున ఉన్నాయి. కిరీటి ఇస్త్రీ చొక్కా ఒకటి పాక మేకుకు తగిలించి, పాత బనీనుతో నీళ్ళలోకి దిగాడు. ఇస్త్రీ చొక్కా చూసి నాకు సంతోషం కలిగింది. అయితే అది వేసుకుంటాడో లేదో ఇంకా తెలియదు. మేకుకు తగిలించిన చొక్కాలన్నీ తొడుక్కునేవి కావు కదా.

అతను బోర్డెక్కి నిలబడ్డాడు. తెడ్డు నిటారుగా, పై చెయ్యి తల దాటి ముందుకు, కింది చెయ్యి సాగి, తెడ్డు చివరి వెడల్పాటి ఆకు నీటిలో పూర్తిగా మునిగాక లాగుతూ, పాదాల దగ్గరకు రాగానే పైకి తీస్తూ, పాఠం చెబుతున్నట్టే వేశాడు. ఎడమవైపు కొన్ని, కుడివైపు కొన్ని. అంచుకు తెడ్డు ఒక్కసారీ తగల్లేదు. వంతెన వైపు కొంతదూరం వెళ్ళి తిరిగొచ్చి, గట్టు దగ్గర ఆపి, "చూసేరా?" అన్నాడు. చూశాం. నరసాయమ్మ గారు చప్పట్లు కూడా కొట్టారు.

"బాగుంది. ఇప్పుడు అవతలి గట్టుదాకా వెళ్ళు. వచ్చేటప్పుడు మీ అక్క అన్న మాట తలుచుకుంటూ రా" అన్నారు గురువుగారు.

ఇదేం పరీక్ష అన్నట్టు చూసి కిరీటి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నెమ్మదిగానే వెళ్ళాడు. అవతలి గట్టు దగ్గర బోర్డు తిప్పి, ఒక్క నిమిషం నిలబడ్డాడు. అంతదూరంనుంచి ముఖం కనబడదు గానీ, భుజాలు బిగుసుకోవడం కనబడింది. బయలుదేరాడు. మొదటి నాలుగైదు తెడ్లు ఎప్పటిలాగే పడ్డాయి. ఆ తర్వాత వేగం పెరిగింది. కుడివైపు వేయడం మానేశాడు. అన్నీ ఎడమవైపే, ఒకదానిమీద ఒకటి, ఒళ్ళంతా వంచి లాగుతున్నాడు. అప్పుడు వినబడింది నాకు. టక్. కొంచెం ఆగి, టక్. చివరి పెట్టెలో కూర్చొని పట్టాల అతుకుల మీద చక్రాల చప్పుడు వింటూ బతికినవాణ్ణి నేను. ఒక చప్పుడు ఒకేచోటునుంచి వస్తోందో, వేరువేరు చోట్లనుంచి వస్తోందో నా చెవికి చెప్పక్కర్లేదు. టక్, టక్, టక్. దగ్గరకొచ్చేకొద్దీ ఇంకా గట్టిగా. కిరీటి ఒక్కడికే వినబడటం లేదు.

గట్టుకు తగిలి బోర్డు ఆగింది. కిరీటి రొప్పుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గురువుగారు పంచె పైకి దోపుకొని మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, బోర్డు ఎడమ అంచును చూపించి, "చెయ్యి పెట్టి చూడు" అన్నారు.

కిరీటి వంగి చెయ్యి పెట్టాడు. పట్టీ మీద అక్కడక్కడ నలుపు మరకలు తప్ప ఏమీ లేదు. పట్టీ కోసి వదిలేసినచోట పసుపు లేదు, నీళ్ళకు పోయింది. పసుపు ఉండాల్సినచోట కొత్త గాయం ఉంది. పూత లేచి, లోపలి నార విచ్చుకొని, తడిసి ఉంది. అతను దాన్ని వేలితో తడిమాడు. నిన్న తెగిన వేలే అది. తడుముతూ తడుముతూ బోర్డు మీదే కూలబడి, కాళ్ళు నీళ్ళలోకి వేలాడేశాడు.

"గీతలు నేర్చుకునేవోళ్ళవి కావండీ" అన్నాడు చివరికి.

గురువుగారు అంచు మీది నీళ్ళను అరచేత్తో తుడిచారు.

"'ఇదే అలవాటు' అందండి అక్క. ఈ గీతల మీద చెయ్యి పెట్టి అంది. నాను బోర్డు నడుపుతుంటే వచ్చినప్పుడల్లా గట్టుమీద కూకోని చూసీది కదా, ఎక్కిన బోర్డునే కొడతానని దానికి తెలుసు. 'ఇదే' అంటే ఏదని నానడగలేదు. చంక, గుద్దడం, అదొక్కటే వినబడింది. అందరూ నవ్వీసేరు." అతను మింగబోయిన మాట ఇంకొకటి ఉందని మాకు తెలుస్తూనే ఉంది. ముఖం తిప్పుకొని సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. "నాను ఏటీ అనలేదన్నాను కదండీ. అన్నాను. 'నువ్వేటి, మా అమ్మవా?' అన్నాను. అందరి ముందరా. చేతిలో పసుపు గిన్నె అక్కడే పెట్టీసి వెళ్ళిపోయింది."

నరసాయమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడకు తాత్పర్యం చెప్పాలనిపించకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. పాలు మాననివాణ్ణి చంకనేసుకున్న పిల్లను ఆ మాట ఎంత లోతుగా కోసి ఉంటుందో ఆలోచిస్తే, ఇతన్ని ఓదార్చాలో, నాలుగు తిట్టాలో తెలియలేదు.

అయినా చిక్కు తీరలేదు. ఇక్కడే నాకు గురువుగారి మీద కోపం వస్తుంది. కిరీటి అడిగింది మనసును ఎలా కాపాడుకోవాలని. దానికి పట్టీ వేయమన్నారు. వేశాడు. వేసినచోట నిజంగానే గీత పడలేదు, చేత్తో తడిమి చూశాం. అంటే పట్టీ మంచిదనేగా? వేయనిచోట దెబ్బ తగిలింది. ఆ చోటును వదిలేసింది అక్క మీది ప్రేమ వల్ల. అంటే ప్రేమ ఉన్నచోట దెబ్బ తప్పదనా? పోనీ, తుడిచేసి అంటించి ఉంటే అక్కడా గీత పడేది కాదు, తన తెడ్డే తగులుతోందని ఇతనికి ఈ జన్మలో తెలిసేదీ కాదు. నా బుర్రలో ఇవన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే కిరీటే అడిగేశాడు. "మరి నానడిగినదానికి జవాబేటండీ? అంచుకి పట్టీ ఉండాలా, అక్కర్లేదా? ఇప్పుడు నానేటి చెయ్యాల? ఏ మొహం పెట్టుకొని వెళ్ళాల?" అతని గొంతులో ఉక్రోషం లేదు. దారి తప్పినవాడు ఎదురైనవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

 గురువుగారు బోర్డు మొన మీద చెయ్యి వేసి, అది నీళ్ళలో ఊగకుండా పట్టుకొని నిలబడ్డారు. మొన నీటికి పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడి బొట్లు తడవలేదు. పసుపు, నడుమ కుంకుమ, దసరా నాడు ఎలా పెట్టిందో అలాగే ఉన్నాయి. కిరీటి చూపు కూడా వాటిమీదికే పోయింది. ఎండ పెరుగుతోంది. తగరపువలసలో ఈపాటికి హైమావతి కందా బచ్చలికూర పొయ్యిమీద పెట్టి ఉంటుందనీ, తమ్ముడు వస్తాడో రాడో తెలియక విస్తరి వేయాలా వద్దా అని తడుముకుంటూ ఉంటుందనీ నాకు ఎందుకో అనిపించింది. ఆవిణ్ణి నేనెన్నడూ చూడలేదు.

కిరీటి బోర్డు దిగాడు. పాకలోకి వెళ్ళి, తువ్వాలుతో తల తుడుచుకొని, మేకునున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ తిరిగొచ్చి నీటి ఒడ్డున నిలబడ్డాడు. కాళ్ళు మాత్రం ఇంకా కదలడం లేదు. ఆ బొట్లనే చూస్తూ, మాలో ఎవరితోనూ కాక తనలో తనే అనుకున్నట్టు, "ముందు పెట్టినవాటికి అన్నిటికీ కుంకుమ పెట్టింది. పక్కదానికే మరిచిపోయింది. నానలగ అరిచేసేను కదా, పాపం కంగారులో మరిచిపోయుంటాది" అన్నాడు.

గురువుగారు మొన వదిలేసి, పంచె కుచ్చెళ్ళు పిండుకుంటూ గట్టెక్కారు.

"దెబ్బ మీద కుంకుమ ఎవరు పెడతారు, నాయనా?" అన్నారు. "బయల్దేరు. అన్నం చల్లారిపోతుంది."